మంచాలు సరే, మనుషులేరి?

హ్యూస్టన్‌లో తుపాను హెచ్చరిక రాగానే మన తెలుగువాళ్లలో చాలామందిమి కారెక్కి డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో ఉన్న చుట్టాలింటికి బయల్దేరతాం. షెల్టర్‌తో మనకేం పని అనుకుంటాం. కానీ 2017 ఆగస్టులో హార్వే హరికేన్ వచ్చినప్పుడు యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో దాదాపు 200 మంది భారతీయ విద్యార్థులు నీళ్ల మధ్య చిక్కుకుపోయారు. వాళ్లలో ఎందరికి కార్లుంటాయి?

అప్పుడు హ్యూస్టన్‌లోని జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌ను 5,000 మందికి షెల్టర్‌గా తెరిస్తే, కొద్ది రోజుల్లోనే 10,000 మంది దాకా చేరారు. తుపాను షెల్టర్‌లో మనిషికి మామూలుగా లెక్కగట్టే చోటు 20 చదరపు అడుగులు, అంటే ఒక నవారు మంచం పట్టేంత. అయినా చోటు ఎలాగోలా సర్దుకుంటుంది; కష్టమంతా మిగతావాటితోనే. ఇన్సులిన్‌కు ఫ్రిజ్ కావాలి, ఆక్సిజన్ యంత్రానికి కరెంటు కావాలి, డయాలసిస్ రోగిని రోడ్లు మునిగినా ఆస్పత్రికి చేర్చాలి. కత్రినా హరికేన్ అప్పుడు పెంపుడు కుక్కల్ని వదల్లేక ఇళ్లలోనే ఉండిపోయినవాళ్లున్నారు. పెంపుడు జంతువులకూ ఏర్పాట్లుండాలని 2006లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేయాల్సి వచ్చింది. ఇవన్నీ చూసుకోవాల్సిన షెల్టర్ కార్యకర్తల ఇళ్లూ ఆ నీళ్లలోనే ఉంటాయి.

అమ్మాయిని చూడ్డానికి ఆరునెలల కోసం వచ్చిన మామ్మగారు షెల్టర్‌లో చేరితే? షెల్టర్ నడిపే రెడ్‌క్రాస్ వీసా సంగతి అడగదు. ఆ మాట ఆవిడకు తెలుగులో చెప్పేవాళ్లుండాలి. ఏ మందు వేసుకుంటున్నారంటే ‘పొద్దున్నే వేసుకునే తెల్లబిళ్ల’ అంటారావిడ. అదేమిటో తేల్చడానికి మన ఫార్మసిస్టొకరు పక్కనుంటే చాలు.

మన సంఘాలు సాయం చేయవని కాదు. మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలొస్తాయి, బ్యానర్ పట్టుకుని ఫొటో దిగుతాం, వెళ్లిపోతాం. పాతబట్టల మూటలు కూడా మోసుకెళ్తాం; వాటిని విడదీయడానికి మళ్లీ పదిమంది కావాలి. రాత్రి రెండింటికి పసిబిడ్డ జ్వరంతో ఏడుస్తుంటే మాత్రం మనవాళ్లెవరూ ఉండరు. శిక్షణ, నేపథ్య తనిఖీ లేకుండా తుపాను రోజున గుమ్మం ముందు వాలిన స్వచ్ఛంద కార్యకర్త కూడా ఒక బరువే. ఈ నిష్ఠూరం మా సంఘం కార్యవర్గానికీ వర్తిస్తుంది.

హరికేన్ల కాలం జూన్ 1న మొదలవుతుంది. తనిఖీ, శిక్షణ ఆలోగా పూర్తికావాలి. నర్సులు, ఫార్మసిస్టులు, తెలుగు, హిందీ, ఉర్దూ మాట్లాడగలవాళ్లు ముందుకు రావాలి. సభ్యత్వ ఫారంలో ఈసారి కొత్తగా ఒక గడి చేర్చాం: ‘రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఉండగలరా?’