గోపాలపూరు వచ్చు అతిథులకు మనమేమి చూపుచున్నాము?

చలికాలము ప్రవేశించినది మొదలు మన బరంపురము రైల్వే స్టేషనులో మెడలో పేరుచీటీలు వ్రేలాడవేసికొన్న పెద్దమనుష్యులు తరచుగా కనబడుచుందురు. వైద్యులో, ఇంజనీర్లో, ఆడిటర్లో, ఏదో యొక వృత్తివారి సభ గోపాలపూరు సముద్రతీరమున జరుగుచుండును. వారు రెండుమూడు దినములుందురు. ఒక పూట కెరటములను చూతురు, ఒక పూట పట్టుచీరలు బేరమాడుదురు, అప్పడములు, ఊరగాయలు కట్టించుకొని వెడలిపోవుదురు. వర్తకుడనగుటచే వారి రాక నాకు సంతోషమే. ఆ మాట దాచనేల?

కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి సభకు వచ్చిన ఒక వైద్యుడు నా దుకాణములో కూర్చుండి రెండు ప్రశ్నలడిగెను. "తీరమున ఆ శిథిలమైన గోడలేమిటి?" అనునది మొదటిది. "పాత బంగళాలు" అని తోచినట్లు చెప్పితిని. "మీరు తెలుగు మాటలాడుచున్నారే, ఆంధ్రనుండి ఇక్కడికి ఎప్పుడు వచ్చితిరి?" అనునది రెండవది. నవ్వి ఊరకుంటిని. చీర అమ్మితిని గాని, ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఇంటికి వచ్చిన అతిథి ఇంటి సంగతి అడిగినప్పుడు చెప్పలేకపోవుటకంటె లోపమేమున్నది?

నాడు నేను చెప్పవలసిన జవాబిది. ఆ గోడలు నాటి రేవు కట్టడములకును, గోదాములకును మిగిలిన అవశేషములు. గోపాలపూరులో ఓడలు ఒడ్డుకు రాలేకపోయెడివి. అవి లోతునీటిలో లంగరు వేసికొనియుండగా, మసూలా పడవలు కెరటములను దాటి సరకును, మనుష్యులను చేరవేసెడివి. ఆ పడవల పలకలకు ఇనుప మేకులుండవు. త్రాళ్లతో కుట్టబడియుండుటచే కెరటము కొట్టినను పగులక వంగెడివి. ఈ రేవునుండి రంగూనుకు పోయినది సరకు మాత్రమే కాదు. ఈ జిల్లా కూలీలు, తెలుగువారును ఒరియావారును, ఒకే పడవలో కూర్చుండి ఓడ ఎక్కి, అక్కడి బియ్యపు మిల్లులలోను రేవులలోను పనిచేసిరి. బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అనెడివారు. గోదావరి ముఖమునగల కోరంగి రేవు పేరే అది. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో 10 లక్షలకు మించి భారతీయులుండిరి. 1941 డిసెంబరులో రంగూనుపై జపాను బాంబులు పడెను, 1942 మార్చిలో ఆ నగరము పడిపోయెను. అడవులలో, కొండలలో నడచి వచ్చినవారిలో ఎందరో దారిలోనే రాలిపోయిరి. గోపాలపూరు పాత రేవునకు ఆ వైభవము మరల రాలేదు. ఛత్రపురము వైపు నేడు పనిచేయుచున్న కొత్త రేవు వేరు.

ఇక రెండవ ప్రశ్న. 1936 ఏప్రిలు 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో నుండెను. నాడు గీత జరిగినది, మన ఇండ్లు జరుగలేదు. 1969లో రాష్ట్రపతియైన వి.వి. గిరిగారు 1894లో ఈ బరంపురముననే జన్మించిరి. దీనిని ఒరియా సోదరులపై ఫిర్యాదుగా ఎవరును తలంపరాదు. మన నేతవారి ఠాకురాణీ యాత్రలో అమ్మవారు కన్నవారింటికని దేశిబెహరా ఇంటికి వచ్చును గదా, అప్పుడు ఘటమునకు మ్రొక్కువారిలో ఏది తెలుగు ఇల్లు, ఏది ఒరియా ఇల్లు అని ఎవరు వేరుచేయగలరు?

సభలను ఏర్పాటు చేయువారు మనల నడుగరని కొందరు మిత్రులందురు. నిజమే, అడుగరు. అయినను అతిథి చివరకు వచ్చునది మన అంగడికే. అచ్చట మనము చేయుచున్నదేమి? సభలనాడు చీర వెల పెంచుట కొందరికి అలవాటైనది. మన సంఘసభ్యులలోనే అట్టివారున్నారని సిగ్గుతో వ్రాయుచున్నాను. ఇక తాబేళ్లు గ్రుడ్లు పెట్టు ఋతువున అతిథులను రాత్రివేళ ఋషికుల్య ముఖమునకు తీసికొనిపోయి టార్చిలైట్లు వేయించు మోటారువారిని వారింపవలయును. ఆ వెలుతురునకు పిల్లలు సముద్రమును విడిచి భూమివైపు ప్రాకును.

నేను కోరునది చిన్నపని. పాత రేవు, బర్మా ప్రయాణము, 1936 నాటి మార్పు, జౌగడలోని అశోకుని శాసనము, నేతవారి సంగతి, ఇవన్నియు ఒక కాగితముపై ఒరియా, తెలుగు, ఇంగ్లీషు భాషలలో అచ్చొత్తించి, పట్టు కొనిన ప్రతి అతిథికి చీరతో కూడ ఈయవలయును. అచ్చుకూలి నేను భరింతును.

అందులో బర్మా భాగము పుస్తకములు చూచి వ్రాయుట నాకిష్టము లేదు. 1942లో తల్లి చంకనెక్కి వచ్చిన శిశువులకు నేడు ఎనుబది దాటినది. మన వీధులలో అట్టివారు ఇంకను ఒకరిద్దరున్నారు. ఇంటిలో రంగూను ఉత్తరములు, ఓడ టిక్కెట్లు, ఫోటోలు ఉన్నవారు దయచేసి సంఘ కార్యాలయమునకు తెండు. నకలు తీసికొని వెంటనే తిరిగి ఇత్తుము. పెద్దలు నడువలేకున్నచో కబురు పంపుడు, మేమే వత్తుము. ఒరియా ప్రతి వ్రాయుటకు మా ప్రక్క దుకాణము మిత్రుని అడిగితిని. ఆయన తాతగారు కూడ రంగూను పోయినవారేనట. ఇన్ని యేండ్లు ప్రక్కప్రక్కన కూర్చుండియు ఆ సంగతి నాకు మొన్ననే తెలిసినది.