బండి ఆమెది, కాగితం అతనిది

స్త్రీల ఆస్తి హక్కు అనగానే మనకు పొలం, ఇల్లు, బంగారం గుర్తొస్తాయి. ఇంటిముందు నిలబడి ఉన్న బండిని ఆస్తిగా మనం ఇంకా గుర్తించడం లేదు. కానీ పొలం లేని ఎన్నో కుటుంబాలకు ఉన్న ఒకే ఒక్క ఆస్తి ఆటోనో, మోపెడో. దాన్ని పొదుపు సంఘం అప్పుతో కొంటారు. వాయిదాలు ఆమె కడుతుంది. ఆర్‌సీ మాత్రం భర్త పేరు మీద ఉంటుంది.

1988 మోటారు వాహనాల చట్టం దృష్టిలో యజమాని అంటే ఎవరి పేరున బండి రిజిస్టరై ఉందో ఆ వ్యక్తి. డబ్బు ఎవరి శ్రమ నుంచి వచ్చిందన్న ప్రశ్న అక్కడ తలెత్తదు.

ఆర్‌సీ పోతే 1989 కేంద్ర నిబంధనల్లో దారి ఉంది. పోలీసులకు ఫిర్యాదు చేసి, రవాణా శాఖకు ఫారం 26 ఇచ్చి, ఫీజు కట్టాలి. బండి మీద అప్పు ఉంటే ఫైనాన్సు సంస్థ సమ్మతి కావాలి. చూడటానికి సులభమే. అయితే ఫారం మీద సంతకం యజమానిది. భార్యను వదిలేసి వెళ్ళిన భర్త ఆర్‌సీ కూడా పట్టుకుపోతే? అది పోయిన కాగితం కాదు, దాచిన కాగితం. పోయిందని రాసిచ్చెయ్యమని ఆఫీసు బయట ఏజెంటు సలహా ఇస్తాడు. రేపు కేసయితే నిలబడాల్సింది ఆమే. 2018 నుంచి ఫోనులో చూపించే ఆర్‌సీ కూడా చెల్లుతోంది. కానీ ఓటీపీ వెళ్ళేది ఎవరి ఫోనుకి?

భర్త చనిపోతే ఇంకో చిక్కు. 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి, 3 నెలల్లో ఫారం 31 ఇవ్వాలి. దుఃఖంలో ఉన్న మనిషికి ఈ గడువుల సంగతి ఎవరు చెబుతారు? 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యా పిల్లలతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. అత్తగారి హక్కును నేను కాదనడం లేదు. కానీ ఆమె అంగీకార పత్రం కావాలన్నప్పుడు, ఆ సంతకాన్ని నడిపించేది చాలా ఇళ్ళలో మరుదులే. నాకు తెలిసిన ఒక స్త్రీ ఆటో ఆ ఒక్క సంతకం కోసం 8 నెలలు కదలకుండా ఉండిపోయింది. వాయిదాలు మాత్రం ఆగలేదు.

ఉన్న అవకాశాలనైనా మనం వాడుకోవాలి. 2021 నుంచి ఆర్‌సీలో నామినీ పేరు రాయించుకోవచ్చు. 2005 గృహహింస చట్టం ఆర్థిక హింసను కూడా హింసగానే గుర్తించింది. భర్త ఒక్కడి పేరున ఉన్న ఆస్తినైనా అమ్మకుండా మేజిస్ట్రేటు ఆపవచ్చు, ఆమెకు చెందాల్సిన ఆస్తినీ విలువైన పత్రాలనీ తిరిగి ఇప్పించవచ్చు. ఆ పిటిషన్లలో బండి నంబరు కూడా రాయిద్దాం.

అన్నిటికన్నా ముందు, సంఘం అప్పుతో కొనే బండి ఆమె పేరునే రిజిస్టరు కావాలి. "ఆమెకి నడపడం రాదుగా" అంటారు. బండి సొంతం కావాలంటే నడపడం రావాలని ఏ చట్టమూ అనలేదు. అప్పు తీర్మానం రాసే రోజునే ఈ షరతు కూడా రాయమని మన సంఘాలు పట్టుబట్టాలి.