శుశ్రూషా, సొమ్మూ రెండూనా?

ఛందస్సు, వ్యాకరణం తప్ప వేరే ఊసెత్తని నేను ఈసారి సముద్రాన్ని గురించి వ్రాయబోతున్నాను. మా అర్ధవీడుకు పడమట నల్లమల అడవి. పెద్ద నీరు అంటే మావాళ్లకు తెలిసినది కంభం చెరువొక్కటే. సముద్రాన్ని చూడాలంటే ఒంగోలు దాటి కొత్తపట్నం దాకా పోవాలి. అటువంటి ఊరివాడికి పగడపు దిబ్బలతో ఏం పని అని మీరు నవ్వవచ్చు. కారణం మా ఇంటిలోనే పుట్టింది.

మా అక్కగారి మనుమరాలు విశాఖలో ఎమ్మెస్సీ చదువుతున్నది. అండమాను దీవులలో పగడపు దిబ్బల సంరక్షణ పని ఒకటి ఉన్నదనీ, నీటిలో మునగడం నేర్పి ఆరు వారాలు ఆ పని చేయిస్తారనీ, దానిని ఇంటర్న్‌షిప్ అంటారనీ ఇంటికి కబురు చేసింది. ఆమె తండ్రి, అంటే మా మేనల్లుడు, మిరప, కంది వేసే రైతు. వాళ్లు పంపిన కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. అందులో జీతం ఎంత ఇస్తారో అని ఇద్దరం వెదికాము. చివరి పుటలో ఒక అంకె కనబడింది. లక్షా పాతిక వేలు. సంతోషించబోయి మళ్లీ చదివితే, అది మేము వారికి కట్టవలసిన రుసుమని తేలింది. ప్రయాణపు ఖర్చులు వేరు.

"మామా, ఎద్దులు మనవే, కూలీ మనదే. పైగా దున్నినందుకు మనమే ఎదురు కట్నం ఇచ్చుకోవాలా?" అన్నాడు మేనల్లుడు.

"వద్దని చెప్పు" అన్నాను నేను. అంత తొందరగా తీర్పు చెప్పినందుకు తరువాత సిగ్గుపడ్డాను. పిల్ల నాకు ఫోను చేసి, "తాతయ్యా, పగడం అంటే ఏమిటో మీకు తెలుసునా?" అని అడిగింది. నలభై ఏండ్లు 'ప్రవాళము ప్రకృతి, పగడము వికృతి' అని పాఠం చెప్పినవాణ్ణి. ప్రవాళమంటే లేతచిగురు అనే అర్థం కూడా ఉన్నదనీ, విద్రుమమనే పర్యాయపదంలో చెట్టు దాగి ఉన్నదనీ అనర్గళంగా చెప్పాను. ఆమె అంతా విని, "చెట్టు కాదు తాతయ్యా, జంతువు" అన్నది. పూర్వులు పొరబడడంలో వింత లేదు. ఐరోపావారు కూడా మొక్కే అనుకున్నారు. 1720ల నాటికి పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు పగడపు 'పువ్వులు' నిజానికి ప్రాణులని చెబితే అక్కడి పండితులు అతనిని నమ్మలేదు. పండితులు ఎక్కడైనా ఒక్కటే సుమా!

నవరత్నాలలోని పగడం వేరు, ఈ దిబ్బల పగడం వేరు అన్నదీ అప్పుడే తెలిసింది. మన ఉంగరాలలోని ఎర్రపగడం మధ్యధరా సముద్రపు లోతుల నుంచి వచ్చినది. ఒకప్పుడు ఇటలీలోని లివోర్నో రేవు నుంచి పగడాలు చెన్నపట్నం దిగుమతి అయ్యేవి; బదులుగా మన గోలకొండ సీమ వజ్రాలు ఓడలెక్కేవి. చెన్నపట్నంలో పగడాల వర్తకుల పేరిట ఒక వీధి ఇప్పటికీ ఉన్నది.

దిబ్బలు కట్టే పగడం సంగతి మరింత విచిత్రం. ఒక్కొక్క ప్రాణీ చిన్న సంచి వంటిది, దాని నోటిచుట్టూ పోగులు. తన చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. దాని ఒంటిలోనే కంటికి ఆనని నాచు కాపురముంటుంది. ఆ నాచు ఎండను పట్టి ఆహారం వండి ఇంటి యజమానికి పెడుతుంది. దిబ్బల రంగులు చాలావరకు ఆ నాచు చలవే. వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిస్తే ఈ కాపురం చెడుతుంది. నాచు బయటికి పోతుంది, పగడం పాలిపోయి ఎముకలా తెల్లబడుతుంది. తెల్లబడినంత మాత్రాన చచ్చినట్టు కాదు. నీరు త్వరగా చల్లబడితే తిరిగి కోలుకుంటుంది, లేకుంటే ఆకలితో చస్తుంది. అండమానులో 1998లో, 2010లో, 2016లో ఇది జరిగింది. ప్రపంచమంతటా నాలుగవసారి సాగుతున్నదని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 2023 మొదలు రెండేళ్లు దాటేసరికి భూమి మీది దిబ్బలలో 84 శాతానికి ఆ వేడి సెగ తగిలిందని లెక్క.

ఇదంతా విన్న తరువాత "వెళ్లనీ" అన్నాను. మేనల్లుడు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. పిల్ల వెళ్లింది, వచ్చింది. ఆమె చెప్పిన సంగతులు కొన్ని మీకు చెప్పకుండా ఉండలేను.

మా తరంలో నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి బావిలోకి తోసేవారు. రెండు వేసవులలో ఈత వచ్చేది. ఆ బావులు ఇప్పుడు ఎండిపోయి ముళ్లకంపతో పూడుకున్నాయి. బోరు గొట్టంలో ఎవరు ఈదగలరు? అందుచేత మా పిల్ల ఇరవై రెండవ ఏట విశాఖలో రుసుము కట్టి ఈత నేర్చుకున్నది. అక్కడ నేర్పిన మొదటి నియమం నన్ను ఆశ్చర్యపరచింది. ఊపిరి బిగబట్టరాదట. పూరకం, రేచకం తప్ప కుంభకం నిషిద్ధం. పది మీటర్ల లోతున నీటి ఒత్తిడి రెట్టింపవుతుంది. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టి పైకి తేలితే అది రెట్టింపుగా ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చుతుంది. మాట లేదు కనుక అన్నీ సైగలే. బొటనవ్రేలు ఎత్తి చూపితే 'భేష్' అని అర్థం కాదు, 'పైకి పోదాం' అని. మొదటి రోజున ఈమె సంతోషం పట్టలేక బొటనవ్రేలు ఎత్తితే గురువు వెంటనే పైకి తీసుకుపోయాడట.

తరువాత నేర్చుకున్నది ఏమీ తాకకుండా నీటిలో నిలకడగా తేలడం. గుండ్రాయి వంటి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. కాలికి తొడుక్కున్న రెక్క ఒక్కసారి తగిలితే ఎన్నో ఏండ్ల కట్టడం విరిగిపోతుంది. ఈ నిలకడ వచ్చేదాకా ఆమెను దిబ్బ దగ్గరకు రానీయలేదు. ఆ పట్టుదల నాకు నచ్చింది. అక్షరం కుదురుగా రానివాడి చేతికి తాళపత్రం ఇవ్వనట్టే కదా.

ఆ పైన పని. ఉదయం సిలిండర్లు మోయడం, నీటి అడుగున కొలత టేపు పరచి దాని వెంట ఏ పగడం ఉన్నదో, ఏది తెల్లబడ్డదో, ఏది చచ్చిందో వ్రాసుకోవడం, ఇనుప చట్రాలకు కట్టిన పగడపు తునకల చుట్టూ చేరిన నాచును పండ్లు తోముకునే బ్రష్షుతో తోమడం, చిక్కుపడిన పాత వలలు కోసి తీయడం, సాయంత్రం ఉడుపులు మంచినీటిలో జాడించి అంకెలన్నీ కంప్యూటరుకు ఎక్కించడం. నీటి అడుగున దేని మీద వ్రాస్తారు అని అడిగాను. సంచీలో నుంచి తీసి చూపింది. పలక! తెల్లని ప్లాస్టిక్ పలక, దానికి దారంతో కట్టిన పెన్సిలు.

మార్కాపురం పలకల మీద తెలుగునాట ఎన్ని లక్షల మంది 'అ ఆ'లు దిద్దారో మీకు తెలియనిది కాదు. ఆ పలకరాయి కూడా ఒకనాటి సముద్రపు అడుగు బురదే. పగడాలు ఇంకా పుట్టని కాలంలో, నూరు కోట్ల ఏండ్లకు పూర్వం, కడప నుంచి మా వైపు దాకా సముద్రం ఉండేదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. సముద్రం లేని ఊరని మొదట వ్రాశాను. ఆ మాట సగమే నిజం.

ఇక అసలు వివాదానికి వస్తాను. ఇక్కడ రెండు ఆక్షేపణలు విన్నాను. మొదటిది, సముద్రమే కాగుతుంటే బ్రష్షుతో తోమి ప్రయోజనమేమిటి అన్నది. తునకలు నాటినందువల్ల సముద్రం చల్లబడదు, నిజమే. కానీ లెక్క వ్రాసేవాడు లేకపోతే ఏది పోయిందో, ఏది తట్టుకుని నిలిచిందో ఎవరికి తెలుస్తుంది? మన్నారు సింధుశాఖలో సున్నం కోసం దశాబ్దాల పాటు పగడాన్ని తవ్వారు. ఇరవై ఒక్క దీవులలో రెండు మునిగిపోయాయి. అక్కడ తూత్తుకుడి సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థవారు 2002 నుంచి పగడాలు నాటుతూ, లెక్క కడుతూ వస్తున్నారు. 2001లో దిబ్బల పగడాలను వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చేర్చారు. చట్టం చేసిన తరువాత కాపలా ఉండవద్దా? అందుచేత ఈ ఆక్షేపణను నేను ఒప్పుకోను.

రెండవది మా మేనల్లుడిది. దానిని మాత్రం త్రోసిపుచ్చలేకపోతున్నాను. విద్య మూడు విధాల లభిస్తుందని పెద్దల మాట: గురువుకు శుశ్రూష చేసి, లేదా ధనమిచ్చి, లేదా ఒక విద్యకు బదులుగా మరొక విద్య ఇచ్చి. మూడింటిలో ఏదో ఒకటి. ఇక్కడ శుశ్రూషా, సొమ్మూ రెండూ పుచ్చుకుంటున్నారు. పడవకు, సిలిండర్లకు, గాలి నింపే యంత్రానికి ఖర్చవుతుందని నిర్వాహకులు అంటారు. అవుతుంది, కాదనను. మునగడం నేర్పిన పది రోజులకు రుసుము తీసుకోండి, అది పాఠం. తక్కిన నెల రోజులూ ఆమె చేసినది పని. ఆమె వ్రాసిన అంకెలు వారి నివేదికలోకి ఎక్కుతాయి, ఆ నివేదికను చూపి విరాళాలు వస్తాయి. పనికి కూలి ఇవ్వకపోతే మానె, ఎదురు తీసుకోవడం ఏ ధర్మం?

దీనివల్ల నష్టపోయేది మా మేనల్లుడొక్కడే అయితే ఇంత వ్రాయను. మా పిల్లకు ఒక సహాధ్యాయిని ఉన్నది, జాలరిపేట అమ్మాయి. తండ్రి వేటకు పోతాడు. ఒడ్డున ఉన్న రెండు కొండల గురుతులు కలిపి చూసి, నీటి అడుగున బండ ఎక్కడున్నదో చెప్పగలడు. ఆ అమ్మాయి ఊహ తెలిసిననాటి నుంచి ఈదుతున్నది. ఇద్దరూ కలిసి దరఖాస్తు పెట్టారు, ఇద్దరికీ చోటు దొరికింది. రుసుము కట్టలేక ఆమె మానుకున్నది. "నాకన్నా దానికి సముద్రం తెలుసు తాతయ్యా. నాకు నిలకడ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. దానికి ఒక్కరోజు చాలు" అని మా పిల్ల కన్నీరు పెట్టుకున్నది. అండమాను జనాభాలో, 2011 లెక్కల ప్రకారం, సుమారు 13 శాతం తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో వేట మీద బ్రతికేవారు ఎందరో. పడవ నడపడానికి వారిని పిలుస్తారు, పలక పట్టడానికి పిలవరు. మా పిల్లతో పాటు ఉన్న ఇంటర్నులందరూ పెద్ద నగరాల నుంచి వచ్చినవారేనట. పెద్దలు చెప్పిన మూడవ మార్గం, విద్యకు బదులు విద్య, ఈ జాలరి బిడ్డల కోసమే కదా. వారికి తెలిసినది వీరు నేర్చుకుని, వీరికి తెలిసినది వారికి నేర్పితే ఎవరు ఎవరికి బాకీ?

విశ్వవిద్యాలయాలు ఈ పనిని పాఠ్యక్రమంలో చేర్చి ఖర్చు భరించాలని నా అభిప్రాయం. ఎమ్మెస్సీ సముద్ర విద్యార్థి నీటిలో దిగకుండానే పట్టా పుచ్చుకోవడం, ఛందస్సు చదివి ఒక్క పద్యమైనా కట్టకపోవడం వంటిది. పనిచేయించుకునే సంస్థలు కనీసం కూడూ గూడూ ఉచితంగా ఇవ్వాలి. మీలో ఎవరికైనా ఇటువంటి సంస్థలతో పరిచయముంటే, వారి వాదన నాకు తెలియజేయండి. నేను పొరబడి ఉంటే దిద్దుకుంటాను.

మేనల్లుడి అప్పు ఇంకా తీరలేదు. కంది అమ్మి కొంత కట్టాడు. పిల్ల తన తెల్లపలక నా దగ్గర వదిలి వెళ్లింది. ఆమె ఆఖరు మునకలో వ్రాసిన అంకెలు దాని మీద అలాగే ఉన్నాయి. తుడవవద్దని చెప్పింది. వేసవి సెలవులకు ఆ జాలరిపేట అమ్మాయిని వెంటబెట్టుకుని వస్తానన్నది. వారిద్దరినీ కంభం చెరువుకు తీసుకుపోవాలని అనుకుంటున్నాను, అందులో అప్పటికి నీళ్లుంటే.