దెయ్యమా? జబ్బా?

"భయపెడితే చాలు, రెండో భాగమైతేనేం?" అంటారు కొందరు. "మొదటిదాని పరువు తీశారండీ!" అని ఇంకొందరు. ‘చంద్రముఖి’ అభిమానుల మధ్య ఈ వాదన తెగదు.

1993 నాటి మలయాళ ‘మణిచిత్రతాళు’ కథే 2005లో ‘చంద్రముఖి’గా వచ్చింది. అందులో దెయ్యం లేదు. గంగది మానసిక జబ్బు. నయం చేసింది డాక్టరు. భర్త ఆమెను వదిలేయలేదు, తోడున్నాడు. అదే దర్శకుడు పి.వాసు 2023లో తీసిన ‘చంద్రముఖి 2’లో మాత్రం ఆత్మలు నిజంగానే తిరుగుతాయి.

సినిమాయే కదా అనుకోవచ్చు. కానీ కోడలు ఒంటరిగా కూర్చుని ఏడిస్తే, డాక్టరు కంటే ముందు భూతవైద్యుడికి కబురంపే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి సరదాగా చూడండి, భయపడండి. పిల్లలు పక్కనుంటే మాత్రం, దెయ్యానికీ జబ్బుకీ తేడా ఏమిటో ఓ మాట చెప్పండి. ఏమంటారు?