ఇంటి చదువుకూ కులం ఉంది

జేఈఈ దరఖాస్తు నింపుతూ నేను ఒక గడి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పన్నెండో తరగతి ఎక్కడ చదువుతున్నారన్నది అక్కడి ప్రశ్న. పేరు, పుట్టిన తేదీ, కులం, తల్లిదండ్రుల వివరాలు అన్నింటికీ జవాబులున్నాయి. దీనికి మాత్రం సూటిగా చెప్పగల జవాబు లేదు. నేను ఏ కళాశాలకూ వెళ్లడం లేదు. సూర్యాపేట జిల్లాలోని మా ఊళ్లో, మాదిగవాడలో, రెండు గదుల ఇంట్లో ఒక గోడవారగా కూర్చుని చదువుకుంటున్నాను. పరీక్ష రాయడం కోసం జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్ఐఓఎస్‌లో పేరు నమోదు చేసుకున్నాను.

ఇదే పని హైదరాబాద్ పడమటి శివార్లలోని గేటెడ్ కాలనీల్లో చేస్తే దానికి ‘హోమ్ స్కూలింగ్’ అని పేరు. బట్టీ చదువులపై విసుగు చెందిన తల్లిదండ్రులు తీసుకున్న సాహసోపేత నిర్ణయంగా దాన్ని చెప్పుకుంటారు. మా ఊళ్లో సర్వేకు వచ్చిన ఉద్యోగి నా పేరు ఎదుట ‘డ్రాపవుట్’ అని రాసుకుని వెళ్లారు. ఆ పిల్లలూ నేనూ రాసేది ఒకే బోర్డు పరీక్ష కావచ్చు. తెరిచే పుస్తకాలూ అవే కావచ్చు. అయినా వారిది ఎంపిక, నాది వైఫల్యం. ఒకే స్థితికి రెండు పేర్లు ఎందుకు వచ్చాయని ఆలోచిస్తే కులం ప్రస్తావన లేకుండా జవాబు దొరకదు.

నేను బడిని వదల్లేదు, బడే నన్ను వదిలించుకుంది. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో చేరాను. మొదటి సంవత్సరంలో ఒకరోజు స్టడీ అవర్‌లో అధ్యాపకుడు స్కాలర్‌షిప్ జాబితాలోని పేర్లన్నీ గట్టిగా చదివి, మమ్మల్ని నిలబెట్టాడు. ‘మీకింత కష్టమెందుకు, సగం మార్కులొచ్చినా సీటొస్తది కదా’ అన్నాడు. తరగతి నవ్వింది. ఆ తర్వాత మా సెక్షన్ మారింది, మాకు చెప్పే అధ్యాపకులు మారారు, మేం అడిగే సందేహాలు ఆగిపోయాయి. దసరా సెలవులకు ఇంటికొచ్చిన నేను తిరిగి వెళ్లలేదు. ‘బడికి పోకపోతే మళ్లీ పత్తి చేనుకే బిడ్డా’ అని అమ్మ ఏడ్చింది. ఆమె అన్నట్లే ఏడాదికి పైగా పత్తి ఏరాను. ఆ తర్వాతే అన్న తన డిగ్రీ పుస్తకాలూ, పాత ఫోనూ నా చేతిలో పెట్టాడు.

అమ్మ ఏడుపులో ఒక చరిత్ర ఉంది. ఈ దేశంలో ఇంట్లో చదువుకోవడం కొత్త విషయమేమీ కాదు. అక్షరం తరతరాలుగా కొన్ని ఇళ్ల లోపలే తిరిగింది. తండ్రి నుంచి కొడుకుకు, గురువు ఇంటి నుంచి శిష్యుడి ఇంటికి మాత్రమే చేరింది. ఆ ఇళ్ల గడప దాటి అక్షరాన్ని వీధిలోకి తేవడానికే పుణెలో 1848లో సావిత్రీబాయి, జోతీరావు ఫూలే దంపతులు ఆడపిల్లలకు బడి పెట్టారు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ అంటరాని పిల్లల కోసం పాఠశాలలు నడిపారు. తరగతి గదిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోవలసి వచ్చినా అంబేడ్కర్ బడి మానలేదు. ఇంట్లో అక్షరం లేని వారికి బడి ఒక్కటే దారి. అందుకే బడి బయట ఉండటం కొందరికి స్వేచ్ఛ అయితే మాకు పోరాడి గెలుచుకున్న దాన్ని పోగొట్టుకోవడం అవుతుంది.

ఇక నా అవకాశాల లెక్కకు వస్తాను. జేఈఈ మెయిన్‌కు ఏటా పది లక్షల మందికి పైగా కూర్చుంటారు. వారిలో అడ్వాన్స్‌డ్‌కు ఎంపికయ్యేది సుమారు రెండున్నర లక్షల మంది. అందులో ఎస్సీలకు 15 శాతం, అంటే 37,500 మంది. 2024లో 23 ఐఐటీల్లో ఉన్న సీట్లు 17,740. వాటిలో ఎస్సీల వాటా రెండున్నర వేల పైచిలుకు. నేను ఇంట్లో రాసుకుంటున్న పాత ప్రశ్నపత్రాల మార్కులను బట్టి చూస్తే మొదటి గడప దాటగలననే నమ్మకం ఉంది. రెండోది అనుమానమే. అయితే ఎస్సీ, ఎస్టీ సీట్లు మిగిలిపోతే కొందరిని ఏడాదిపాటు సన్నాహక కోర్సులో చదివించి చేర్చుకునే ఏర్పాటు ఐఐటీల్లో ఉంది. కాబట్టి ఆశ పూర్తిగా పోలేదు. పరీక్ష కఠినమైనదే, కానీ దానిపై నాకు ఫిర్యాదు లేదు. ఏ బడి నుంచి వచ్చావని అది అడగదు. సమాధానపత్రం దిద్దే యంత్రం జాబితా చదివి నన్ను నిలబెట్టదు.

అడిగేది పరీక్ష చుట్టూ ఉన్న నిబంధనలు. అందులో అన్నిటికంటే పదునైనది ఒకటుంది. పన్నెండో తరగతి పరీక్షకు మొదటిసారి కూర్చున్న సంవత్సరం, ఆ మరుసటి సంవత్సరం మాత్రమే అడ్వాన్స్‌డ్ రాయనిస్తారు. ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. మరోవైపు ఓపెన్ స్కూల్ పుట్టిందే గడియారంతో పరుగెత్తలేని వారి కోసం. ఒకసారి నమోదైతే అయిదేళ్ల గడువు, తొమ్మిది పరీక్షావకాశాలు ఉంటాయి. కూలికి వెళ్తూ, ఇల్లు చూసుకుంటూ, ఒక్కొక్క సబ్జెక్టూ గట్టెక్కమని ప్రభుత్వమే చెబుతుంది. అలా గట్టెక్కిన వారిని ఐఐటీ గుమ్మంలో నిలబెట్టి, మీరు ఆలస్యంగా వచ్చారని కూడా ప్రభుత్వమే చెబుతుంది.

మా మేనమామ కొడుకు కథ ఇదే. ఓపెన్ ఇంటర్ పరీక్షకు మొదటిసారి కూర్చున్నప్పుడు గణితం తప్పాడు. ఆ తర్వాత తండ్రికి జబ్బు చేస్తే తాపీ పనికి వెళ్లాడు. రెండేళ్లకు గణితం పాసై, మెయిన్‌కు సిద్ధమవుతూ నిబంధనలు చదివితే అడ్వాన్స్‌డ్‌కు తాను అనర్హుడని తెలిసింది. వయసు అడ్డం కాలేదు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు వయోపరిమితిలో అయిదేళ్ల సడలింపు ఉంది. పేదరికం, వివక్ష మా చదువును ఆలస్యం చేస్తాయని గుర్తించినందువల్లే ఆ సడలింపు ఇచ్చారు. అదే గుర్తింపు ‘మొదటిసారి కూర్చున్న సంవత్సరం’ అనే నిబంధన దగ్గరికి వచ్చేసరికి మాయమవుతుంది. ఒక చేత్తో అయిదేళ్లు ఇచ్చి, రెండో చేత్తో రెండేళ్లకు కుదించడం ఇది.

నా విషయంలో ఈ నిబంధన ప్రతిరోజూ ఎదురయ్యే ప్రశ్న. వచ్చే ఏప్రిల్‌లో పరీక్షకు కూర్చోవాలా, మరో ఏడాది ఆగాలా? కూర్చుని ఒక సబ్జెక్టు తప్పితే గడియారం మొదలైపోతుంది. ఆగితే ఇంట్లో మరో ఏడాది నా కూలి తగ్గుతుంది. ఐఐటీ, ఎన్ఐటీల్లో చేరాలంటే బోర్డు పరీక్షలో 75 శాతం, ఎస్సీ, ఎస్టీలకైతే 65 శాతం రావాలి, లేదా ఆ బోర్డులో తమ కేటగిరీ వారిలో మొదటి 20 పర్సంటైల్‌లో నిలవాలి. ప్రయోగశాల ముఖం చూడకుండా ఇంట్లో చదివే నాకు భౌతిక, రసాయన శాస్త్రాల ప్రాక్టికల్స్ అంటేనే భయం. అధ్యయన కేంద్రంలో గడిపే కొద్ది రోజుల్లోనే పరికరాలను పరిచయం చేసుకుని, వాటితోనే పరీక్ష ఇవ్వాలి.

రాష్ట్ర కళాశాలల్లో చేరాలన్నా ఇంటి చదువుకు మరో మెలిక ఉంది. 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికతను సాధారణంగా వరుసగా నాలుగేళ్ల చదువుతో లెక్కిస్తారు. ఏ విద్యాసంస్థలోనూ చదవని కాలానికి నివాసాన్ని చూపాలి. బడిలో చదివినవారికి బోనఫైడ్ కాగితం ఒక్క పూటలో దొరుకుతుంది. నివాస ధ్రువపత్రం కోసం నేను తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాలి. అమ్మ తోడు వచ్చిన ప్రతిసారీ ఒకరోజు కూలి పోతుంది.

సీటు వచ్చాక కూడా గడియారం ఆగదు. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దళిత దినకూలీ కుమారుడికి ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. గడువులోగా 17,500 రూపాయలు కట్టలేకపోవడంతో ఆ సీటు పోయింది. అది అతని రెండో ప్రయత్నం, అంటే చివరిది. సుప్రీంకోర్టు తన ప్రత్యేకాధికారాన్ని ఉపయోగించి అతన్ని చేర్చుకోమని ఆదేశించాక గాని న్యాయం జరగలేదు. తీర్పు గొప్పదే. కానీ 17,500 రూపాయల కోసం ఢిల్లీ దాకా వెళ్లగలిగేవారు ఎందరు?

ఇంట్లో చదువుకున్న పిల్ల అంతటి పోటీ వాతావరణంలో నిలదొక్కుకోగలదా అని నన్ను కొందరు మంచి మనసుతోనే అడుగుతారు. నేనూ అడుగుతాను, కానీ ప్రశ్నను తిప్పి. ఆ సంస్థలు మమ్మల్ని నిలబెట్టుకోగలవా? కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి అయిదేళ్లలో 13,626 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు చదువు మధ్యలో వెళ్లిపోయారని 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. వారిలో ఐఐటీలను వదిలినవారు 2,066 మంది ఓబీసీలు, 1,068 మంది ఎస్సీలు, 408 మంది ఎస్టీలు. వీరంతా ఆ కఠిన పరీక్ష గెలిచి లోపలికి వెళ్లినవారే. ప్రతిభ లేక వెనుదిరిగారని ఎలా అంటాం? నా జూనియర్ కళాశాల తరగతి గదిలో వినిపించిన నవ్వు అక్కడా వినిపించి ఉండదని ఎవరు చెప్పగలరు?

బడికి వెళ్లి చదవడమే ప్రమాణమని వాదించేవారు మరో సంగతి చూడాలి. పేరు ఒక కళాశాలలో, మనిషి కోచింగ్ కేంద్రంలో ఉండే ‘డమ్మీ’ చదువు దేశమంతటా బహిరంగ రహస్యం. 2024 నవంబరులో సీబీఎస్ఈ ఢిల్లీ, రాజస్థాన్‌లలో 21 పాఠశాలల గుర్తింపును ఇందుకే రద్దు చేసింది. లక్షలు చెల్లించి బడికి వెళ్లని పిల్లలు రికార్డుల్లో ‘రెగ్యులర్’. ఉన్న స్థితిని దాచకుండా చెప్పిన నేను ‘డ్రాపవుట్’. హాజరుపట్టీని కూడా కొనుక్కోవచ్చని తెలిసిన సమాజం నా నిజాయితీని అనుమానిస్తోంది.

ప్రయత్నాల సంఖ్య పెంచితే లాభపడేది కోచింగ్ కేంద్రాలేనన్న వాదన ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఏళ్ల తరబడి లాంగ్ టర్మ్ శిక్షణకు డబ్బు పెట్టగలవారికి అదనపు ప్రయత్నం అదనపు పెట్టుబడే అవుతుంది. 2024 నవంబరులో ప్రయత్నాలను మూడుకు పెంచుతున్నట్లు ప్రకటించి, అదే నెలలో వెనక్కి తీసుకున్నారు. నేను అడుగుతున్నది అందరికీ మూడో ప్రయత్నం కాదు. ఓపెన్ స్కూల్ ద్వారా పూర్తి చేసిన ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ఆ రెండేళ్లను మొదటిసారి కూర్చున్న నాటి నుంచి కాకుండా ఉత్తీర్ణులైన నాటి నుంచి లెక్కించమంటున్నాను. ప్రయత్నాలు రెండే ఉంటాయి, మొదలయ్యే తేదీ ఒక్కటే మారుతుంది. రెండు వారాల్లో నిబంధనను మార్చి, తిరిగి మార్చగలిగినవారికి ఈ సవరణ అసాధ్యం కాదు.

వెనుకబాటును లెక్కలోకి తీసుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. బాసర ఆర్జీయూకేటీ ప్రవేశాల్లో ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ బడుల్లో చదివినవారికి పదో తరగతి గ్రేడుకు 0.4 పాయింట్లు కలుపుతూ వచ్చారు. ఎక్కడ చదివాడన్నది ఎంత చదవగలిగాడన్న దాన్ని నిర్ణయిస్తుందని ఆ చిన్న దశాంశం ఒప్పుకుంది. అదే వివేకాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు మరింత ముందుకు తీసుకెళ్లవచ్చు. ఓపెన్ స్కూల్‌లో సైన్స్ తీసుకున్న పిల్లలకు ప్రభుత్వ జూనియర్ కళాశాలల ప్రయోగశాలలను సెలవు రోజుల్లో తెరవవచ్చు. గురుకులాల్లోని జేఈఈ శిక్షణలో బయటి పిల్లలకు కొన్ని స్థానాలు ఇవ్వవచ్చు. సీటు అంగీకార రుసుమును సాంఘిక సంక్షేమ శాఖే ముందుగా చెల్లించవచ్చు. వీటిలో ఏదీ ఖజానాను కుంగదీసేది కాదు.

ఇంటి చదువును ఎంచుకున్న గేటెడ్ కాలనీ పిల్లలపై నాకు కోపం లేదు. వారి ఇంట్లో పుస్తకాల బీరువా ఉంది, సందేహం తీర్చే తల్లి ఉంది, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. మా ఇంట్లో అవి లేవు. ఇంటి చదువు అన్నప్పుడు ‘ఏ ఇల్లు’ అని అడగకుండా అవకాశాల గురించి మాట్లాడటం కుదరదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం, వర్గీకరణ కోసం వీధుల్లోకి వచ్చిన విద్యార్థి సంఘాలను ఒక మాట అడుగుతున్నాను. కళాశాల గేటు దగ్గర సభ్యత్వ పుస్తకం పట్టుకుని నిలబడినప్పుడు, ఆ గేటు లోపలికి రాని మమ్మల్ని కూడా లెక్కపెట్టండి. మీ డిమాండ్ల పత్రంలో ‘మొదటిసారి కూర్చున్న సంవత్సరం’ అనే ఆ ఒక్క వాక్యానికి చోటివ్వండి. మా మేనమామ కొడుక్కి అది ఇప్పుడు పనికిరాదు. నేను మాత్రం దరఖాస్తులోని ఆ గడిలో ఓపెన్ స్కూల్ పేరు రాసి పంపాను. ఏప్రిల్‌లో కూర్చోవాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

(వ్యాసకర్త ఓపెన్ స్కూల్ విద్యార్థిని)