ఖాళీ గడి కూడా జవాబే

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కావచ్చు, బడిలో తల్లిదండ్రుల కమిటీ కావచ్చు, కార్తీక వనభోజనాలకు ఎక్కడికెళ్లాలో తేల్చుకునే బంధువులు కావచ్చు... ఇప్పుడు ఏం చేయాలన్నా ముందు ఓ సర్వే! ఫోన్‌కి ఫారం పంపితే చాలు, సాయంత్రానికల్లా జవాబులన్నీ ఎక్సెల్ లాంటి షీటులో వరుసగా వచ్చి కూర్చుంటాయి. వాటిని కూడి, శాతం కట్టి, రంగురంగుల బొమ్మ గీయడానికి కంప్యూటర్‌కి క్షణం చాలు. అది కూడికలో పొరపాటు చేయదు. కానీ ఏది కూడాలో, దేన్ని విడదీసి చూడాలో చెప్పాల్సింది మనమే. అక్కడ తేడా వస్తే లెక్క ఒప్పే అవుతుంది, నిర్ణయం మాత్రం తప్పుతుంది.

ఓ అపార్ట్‌మెంట్‌ని ఊహించుకుందాం. అయిదంతస్తులు, అంతస్తుకి 16 చొప్పున మొత్తం 80 ఫ్లాట్లు. కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా లిఫ్టు ఆపేద్దామా అని అసోసియేషన్ అందర్నీ అడిగింది. 60 ఇళ్లవాళ్లు జవాబిచ్చారు. 42 మంది ఆపేద్దామన్నారు, 18 మంది వద్దన్నారు. అంటే 70 శాతం సరేనన్నట్టే. ఇక తీర్మానం రాసేయొచ్చా? ఇంకొంచెం ఆగాలి.

ముందు షీటు సంగతి చూద్దాం. ఒక ఇంటికి ఒక అడ్డు వరుస, ఒక ప్రశ్నకు ఒక నిలువు వరుస... ఇదే మొదటి సూత్రం. ఫ్లాటు నంబరు, అంతస్తు కూడా వేర్వేరు నిలువు వరుసల్లో ఉండాలి. వచ్చిన షీటుని అలాగే ఉంచేసి, దాని నకలు మీదే పనిచేయాలి. ఎక్కడైనా చెయ్యి జారితే అసలుది భద్రంగా ఉంటుంది.

తర్వాత జవాబుల్ని శుభ్రం చేయాలి. ఒకరు ‘అవును’ అని, ఇంకొకరు ‘ఔను’ అని, మరొకరు ‘ఎస్’ అని రాస్తారు. మనకు అన్నీ ఒకటే, కంప్యూటర్‌కి మాత్రం మూడూ వేర్వేరు. ‘కౌంట్ఇఫ్’ ఫార్ములాతో ‘అవును’లు ఎన్నో లెక్కపెట్టమంటే మిగతా రెంటినీ వదిలేస్తుంది. అక్షరాల తర్వాత కంటికి కనిపించని ఖాళీ ఒకటి పడినా అంతే. అందుకే అన్నిటినీ ఒకే మాటలోకి మార్చుకోవాలి. అసలు ఫారంలోనే రాసే అవకాశం ఇవ్వకుండా, ఎంచుకునే జాబితా పెడితే ఈ తలనొప్పే ఉండదు.

ఫార్ములా అన్ని వరుసల్నీ పట్టుకుందో లేదో కూడా చూసుకోవాలి. ఇది చిన్న విషయమేం కాదు. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు 2010లో దేశాల అప్పులకూ ఆర్థిక వృద్ధికీ ఉన్న సంబంధం గురించి ఓ పత్రం రాశారు. ఎన్నో దేశాల్లో దాని గురించి చర్చ జరిగింది. అందులో సగటు కట్టే ఫార్ములా అయిదు దేశాల వరుసల్ని వదిలేసిందని 2013లో బయటపడింది. కనిపెట్టింది ఎవరో కాదు, థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి! కాబట్టి అవునన్నవారు, కాదన్నవారు కలిపి మొత్తం జవాబులకు సరిపోయారా అని ఒక్కసారి కూడి చూసుకోవాలి. మన షీటులో 42, 18 కలిస్తే 60. సరిపోయింది.

ఇప్పుడు అసలు పని. షీటుని ‘పివట్ టేబుల్’గా మార్చి, అడ్డంగా అంతస్తుల్ని, నిలువుగా జవాబుల్ని పెట్టమనండి. రెండు నిమిషాల పనే. అప్పుడు ఇలా తేలిందనుకోండి. కింది రెండంతస్తుల్లో 32 ఇళ్లుంటే 30 ఇళ్ల నుంచి జవాబులొచ్చాయి. వారిలో 29 మంది లిఫ్టు ఆపేద్దామన్నారు. పై మూడంతస్తుల్లో 48 ఇళ్లుంటే జవాబిచ్చింది 30 మందే. వారిలో ఆపేద్దామన్నవారు 13 మంది, వద్దన్నవారు 17 మంది. ఆ 70 శాతం ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిపోయింది కదా! లిఫ్టుతో అంతగా పనిలేనివారు ఆపమన్నారు. అది లేకపోతే కష్టపడేవారిలో ఎక్కువమంది వద్దన్నారు. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చిన పెద్దాయన్ని అయిదో అంతస్తు నుంచి దించాల్సినప్పుడు ఆ 70 శాతం మెట్ల దగ్గర సాయానికి రాదు.

మరి జవాబివ్వని 20 ఇళ్ల మాటేమిటి? అందులో 18 ఇళ్లు పై అంతస్తుల్లోవే. రాత్రి డ్యూటీకి వెళ్లేవాళ్లు ఉండొచ్చు, స్మార్ట్‌ఫోన్ వాడటం రాని బామ్మలు ఉండొచ్చు. వాళ్ల గడి ఖాళీగా ఉందంటే ఏం చేసినా ఫర్వాలేదని కాదు, మనమింకా వాళ్లని అడగలేదని. మొత్తం 80 ఇళ్లతో చూస్తే ఆపమన్నవారు సగానికి కాస్త ఎక్కువ, అంతే.

జవాబులు ఎన్ని వచ్చాయన్నదాని కన్నా ఎవరి నుంచి వచ్చాయన్నదే ముఖ్యమని చెప్పడానికి ఓ పాత కథ ఉంది. 1936 అమెరికా ఎన్నికలప్పుడు ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక టెలిఫోను డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల జాబితాల్లోంచి చిరునామాలు తీసి దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌వే! ఆ రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు, పట్టుబట్టి కార్డు తిరిగి పంపినవాళ్లు దేశమంతటికీ ప్రతినిధులు కారు. 1938లో ఆ పత్రిక మూతపడింది.

ఖాళీ గడుల విషయంలో ఇంకో చిక్కుంది. చూడ్డానికి బాగుండాలని కొందరు వాటిలో సున్నా పెట్టేస్తారు. శుభ్రతకు అయిదుకు ఎన్ని మార్కులు వేస్తారని పదిమందిని అడిగితే, ఎనిమిది మంది నాలుగేసి ఇచ్చారు, ఇద్దరు వదిలేశారు అనుకుందాం. ఖాళీలను ఖాళీలుగా ఉంచితే సగటు 4. సున్నాలు పెడితే 3.2. పాపం, ఊడ్చే మనిషికి ఏ తప్పూ లేకుండానే మార్కులు తగ్గిపోయాయి! సగటు ఒక్కటే చూసి మురిసిపోవడమూ మంచిది కాదు. అందరూ 3 ఇచ్చినా సగటు 3, సగంమంది 1, సగంమంది 5 ఇచ్చినా సగటు 3. రెండో దాంట్లో సగంమంది కోపంగా ఉన్నారన్న సంగతి సగటులో కనిపించదు. కాబట్టి ఎవరెన్ని మార్కులిచ్చారో కూడా లెక్కపెట్టి చూడాలి.

ఈసారి మీ కాలనీలోనో బడిలోనో సర్వే ఫలితం నోటీసు బోర్డు మీద పెడితే, శాతం పక్కనే మూడు సంగతులు రాయండి. ఎంతమందిని అడిగారు, ఎంతమంది చెప్పారు, ఆ నిర్ణయం ఎవరి మీద ఎక్కువగా పడుతుంది, వాళ్లేమన్నారు. ఖాళీగా ఉన్న గడుల కోసం తీరిక చేసుకుని ఓ సాయంత్రం ఆ తలుపులు తట్టి రండి. కంప్యూటర్ చేయలేని పని అదొక్కటే!