నాయిన దిగిన సైకిలు

ఆదివారం తెల్లారగట్ల గండిపేట దిక్కు సైకిలు మీద పోతుంటా. చెరువు గాలి, ఖాళీ రోడ్డు, గేరు సైకిళ్ల గుంపులు. నాకూ ఇష్టమే. దాచుకోను.

కానీ ప్రతిసారీ నాయిన యాదికొస్తడు. దొర గడీ రాగానే సైకిలు దిగి, చెప్పులు హ్యాండిల్‌కు తగిలించి, తలొంచుకుని నడిపించుకుంటూ పోయేవాడు. గడీ దాటాకే మళ్లీ ఎక్కాలె. సైకిలు ఆయనదే, డబ్బులు ఆయనవే. రోడ్డు మాత్రం ఆయనది కాదు.

2023లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ కప్పు. మంచిదే. కానీ నార్సింగి రోడ్డు మీద టిఫిన్ డబ్బా తగిలించుకుని డ్యూటీకి పోయే వాచ్‌మన్ అన్నను చూడండి. లారీల పక్కనే తొక్కుతుంటాడు. ఆయన దారికి కప్పు కాదు కదా, తెల్లగీత కూడా లేదు.

సరదాగా తొక్కేవాళ్లకు నీడ ఇచ్చిన సర్కారు, బతుకు కోసం తొక్కేవాళ్లకు బాట ఇవ్వదా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సరదా కూడా మన హక్కే. వదులుకోకండి. తొక్కండి, తొక్కుతూనే ఈ ప్రశ్న అడగండి. నేనైతే ఊరికి పోయినప్పుడల్లా ఆ గడీ ముందు బెల్లు కొట్టుకుంటూ పోతా.

జై భీమ్.